మిగిలిన పొడి పారెయ్యకండి: ముగ్గురు కలెక్టర్లకు ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం జిల్లాల కలెక్టర్లకు,

నమస్కారం.

నేను అడిగేది చిన్న విషయమే. మీ జిల్లాల్లో ప్రభుత్వం డబ్బుతో పరీక్ష చేయించే ప్రతి రాయి, ఇసుక, మట్టి నమూనాలో పరీక్షకు పోను మిగిలినదాన్ని పారెయ్యకుండా దాచే ఏర్పాటు చెయ్యండి. నీళ్లను ఏళ్ల తరబడి దాచలేం కాబట్టి, వాటిని తీసిన రోజునే రెండు వాటాలు చేయించి రెండు వేర్వేరు ల్యాబ్‌లకు పంపించండి. ఏ రిపోర్టు బయటపెట్టినా అందులోని అంకె ఎలా వచ్చిందో దానికిందే నాలుగు వాక్యాలు రాయించండి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, పెద్ద భవనమూ అక్కర్లేదు. ఎందుకు అడుగుతున్నానో చెప్పడానికే కాస్త చోటు కావాలి.

నాది చీపురుపల్లి వైపు. వాల్తేరులో జియాలజీ చదివి, రాళ్లలో ఏముందో, ఎంతుందో తేల్చే పనిలోనే ఉద్యోగకాలమంతా గడిపి రిటైరయ్యాను. జియాలజిస్టు అనగానే అందరికీ సుత్తి పట్టుకుని కొండలెక్కే మనిషి గుర్తొస్తాడు. ఆయన తెచ్చిన సంచి విప్పి, ఎండబెట్టి, దంచి, జల్లించి, ఆమ్లంలో కరిగించి, చివరికి ఒక అంకె రాసిచ్చేవాడు లోపల ఇంకొకడు ఉంటాడు. నేను ఆ లోపలివాణ్ని. మా చుట్టాల్లో చాలామందికి నేను చేసే ఉద్యోగమేమిటో ఆఖరిదాకా అర్థం కాలేదు గానీ, పొలంలో రంగురాయి దొరికిందంటూ కొంగున ముడేసుకుని తెచ్చినవాళ్లకు మాత్రం కొదవ లేదు. (దాదాపు అన్నీ క్వార్ట్జే, అంటే పలుగురాళ్లే. అక్కడక్కడా ఒక గార్నెట్. ఎవరూ మేడ కట్టలేదు.)

మా వైపు మాంగనీసు సంగతి మీకు ఫైళ్లలో కనబడే ఉంటుంది. కోడూరు, గర్భాం, గరివిడి, దేవాడ. దేశంలో మాంగనీసు తవ్వకం 1890లలో మొదలైంది ఈ చుట్టుపక్కలే. జియలాజికల్ సర్వేలో పనిచేసిన లూయీ లీ ఫెర్మర్ ఈ గనులన్నీ తిరిగి చూసి, భారతదేశపు మాంగనీసు నిక్షేపాల మీద 1909లో ఒక బృహద్గ్రంథం వెలువరించాడు. పొటాష్ ఫెల్డ్‌స్పార్, మాంగనీసు గార్నెట్, ఎపటైట్ కలిసిన ఒక వింత రాతికి కోడూరైట్ అని పేరు పెట్టింది ఆయనే. అది అసలు ఎలా పుట్టిన రాయి అన్నదానిమీద ఆయన తర్వాత వచ్చినవాళ్లు ఆయనతో ఏకీభవించలేదు, అది వేరే కథ. రాళ్ల నిఘంటువుల్లో మాత్రం మన ఊరి పేరు అలాగే ఉండిపోయింది.

ఆ మూడో ఖనిజం ఉంది చూశారూ, ఎపటైట్, అదే మా మాంగనీసుకు పట్టిన శని. అది కాల్షియం ఫాస్ఫేటు. బరువులో 18 శాతం దాకా భాస్వరమే ఉంటుంది. ఉక్కులో భాస్వరం ఎక్కువైతే ఉక్కు పెళుసెక్కుతుంది. అందుకని ఉక్కులో కలిపే ఫెర్రో మాంగనీసు తయారుచేసేవాళ్లు మాంగనీసు శాతం చూసి తలూపినా, భాస్వరం గడి దగ్గరికొచ్చేసరికి బేరం మొదలుపెడతారు. విజయనగరం ఖనిజంలో ఇనుమూ ఎక్కువే, భాస్వరమూ ఎక్కువే. దశాంశం పక్కన ఒక్క అంకె అటూ ఇటూ అయితే గూడ్సు రైలు సరుకు మొత్తానికి రేటు మారిపోతుంది.

నేను చేరిన కొత్తలో మాంగనీసును వొల్హార్డ్ పద్ధతిలో తేల్చేవాళ్లం. కరిగించిన ఖనిజంలో జింక్ ఆక్సైడు కలిపి, వేడి తగ్గకుండానే పర్మాంగనేటు ద్రావణాన్ని బ్యూరెట్ నుంచి చుక్క చుక్కగా వదులుతూ ఫ్లాస్కు ఊపాలి. గోధుమరంగు మడ్డి అడుక్కి దిగేదాకా ఆగి, పైన తేరిన నీటిని తెల్లకాగితానికి ఎదురుగా పెట్టి చూడాలి. లేత గులాబీ రంగు నిలిచిందా, ఆపెయ్యాలి. మాయమైందా, ఇంకో చుక్క. భాస్వరానికైతే అమ్మోనియం మాలిబ్డేటు కలపగానే మంచి పసుపురంగు అవక్షేపం కట్టేది. దాన్ని వడగట్టి, కడిగి, క్షారంలో కరిగించి, మిగిలిన క్షారాన్ని ఆమ్లంతో లెక్కగట్టేవాళ్లం. ఒక నమూనాకు పూట పట్టేది. ఇప్పుడా పనంతా ఎక్స్‌రే ఫ్లోరెసెన్సు, ఐసీపీ-ఎంఎస్ మిషన్లు చేసిపెడుతున్నాయి. మా కాలమే బంగారమని నేననను. పూట పట్టే పని నిమిషాల్లో అవుతుంటే, పైగా మేము కలలో కూడా తాకని సూక్ష్మ మోతాదులు పట్టుబడుతుంటే, ఎవరు కాదంటారు?

కానీ ఆ మిషన్ దాకా వెళ్లేది ఏ అర గ్రాము పొడో. వెయ్యి టన్నుల కుప్ప తరఫున సాక్ష్యం చెప్పేది ఆ అర గ్రామే. సాక్షిని ఎలా ఎంచారన్నదే అసలు ప్రశ్న.

రైల్వే సైడింగు పక్కన మాంగనీసు కుప్ప పోసి ఉంటుంది. పైన మెరుస్తూ కనిపించేవి నల్ల గడ్డలు. పొడి, బంకమట్టి జారి అడుక్కి చేరతాయి. చేతికందిన నాలుగు గడ్డలు సంచిలో వేసుకుపోతే మాంగనీసు ఎక్కువొస్తుంది, సిలికా తక్కువొస్తుంది, అమ్మేవాడికి పండగ. సరిగా తియ్యాలంటే కుప్పను అక్కడక్కడా పై నుంచి అడుగుదాకా కోయించి తట్టలకెత్తించాలి. ఎత్తిందంతా నలగ్గొట్టించి, శుభ్రమైన రేకు మీద కుప్పగా పోసి, కొన మీద పలకతో అదిమి, నాలుగు పాళ్లు చేసి ఎదురెదురు పాళ్లు రెండు తీసేసి, మిగిలిన రెండింటినీ కలిపి ఇంకా సన్నగా నలగ్గొట్టి మళ్లీ పొయ్యాలి. తట్టలకొద్దీ రాయి గుప్పెడు పొడి అయ్యేదాకా ఇదే వరస. అక్కడ తట్టలు మోసే ఒక పెద్దాయన ఎవరూ చెప్పకుండానే చిన్న చీపురు పెట్టి రేకు అంచులు ఊడ్చి, ఆ సన్నాన్ని కూడా కుప్పలో వేసేవాడు. ‘అంచుల్లో సన్నం ఉండిపోద్ది బాబూ, అది ఒగ్గేస్తే నెక్క తప్పిపోద్ది’ అనేవాడు. ఆయన చదువుకోలేదు. ముతక రాయినీ సన్నపు పొడినీ ఒకే రసాయనం అనుకోకూడదని ఆయనకు చేతులే చెప్పాయి. ఫ్రాన్సులో పియర్ జీ అనే ఆయన నమూనాలు తీసే విద్యకు గణితం కట్టాడు. దాని ప్రకారం ముక్కల సైజు రెండింతలైతే, అంతే నమ్మకం ఉండాలంటే నమూనా బరువు ఎనిమిదింతలు కావాలి. గడ్డలుగా ఉన్న ఖనిజాన్ని పావుకిలో సంచిలో పంపించి దశాంశ స్థానాల దాకా రిపోర్టు అడిగేవాళ్లకు ఈ ఒక్క ముక్క చెప్పినా చాలు.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. ఆ గుప్పెడు పొడిని మూడు ప్యాకెట్లు చేసేవాళ్లం. ఒకటి అమ్మేవాడికి, ఒకటి కొనేవాడికి. మూడోది ఇద్దరి ఎదుటా లక్క సీలు వేసి పక్కన పెట్టేది. ఇద్దరి అంకెలూ ఒప్పందంలో రాసుకున్న తేడాకు లోబడి ఉంటే సరే, మూడో ప్యాకెట్టు విప్పే పనే లేదు. మించితే ఇద్దరూ ఒప్పుకున్న మూడో ల్యాబ్‌కు ఆ ప్యాకెట్టు పోతుంది, అక్కడొచ్చిన అంకె ప్రకారం డబ్బు చేతులు మారుతుంది. ఆ మూడో ప్యాకెట్టు ఉందన్న ఒక్క కారణంగా మొదటి ఇద్దరూ ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేసేవాళ్లు. ఇది ఏ మహానుభావుడో కనిపెట్టింది కాదు, ఒకరినొకరు నమ్మని వ్యాపారులు కుదుర్చుకున్న పద్ధతి.

వ్యాగను మాంగనీసుకు ఇంత జాగ్రత్త ఉంది. జనం తాగే నీటికి, గ్రామసభ ఎదుట పెట్టే ఇసుక రిపోర్టుకు, కొండ లీజుకు ఇచ్చేముందు తీసే నమూనాకు ఆ మూడో ప్యాకెట్టు ఎందుకు లేదు? నా ప్రశ్న ఇంతే.

మూడో ప్యాకెట్టు లేకపోతే ఏమవుతుందో ప్రపంచానికి బాగానే తెలుసు. ఇండోనేషియాలోని బోర్నియో అడవుల్లో బుసాంగ్ అనేచోట బ్రహ్మాండమైన బంగారు నిక్షేపం దొరికిందని బ్రె-ఎక్స్ అనే కెనడా కంపెనీ చాటింది. షేర్లు ఆకాశానికి ఎక్కాయి. బోరు వేసి తీసిన రాతి కోర్‌ను నిలువునా చీల్చి సగం పరీక్షకు పంపి సగం పెట్టెలో దాచడం మామూలు పద్ధతి. వాళ్లు అలా చెయ్యలేదు, దాదాపు మొత్తం కోర్‌ను నలగ్గొట్టి పంపేశారు. 1997లో వేరేవాళ్లు వచ్చి మళ్లీ బోర్లు వేసి చూస్తే చెప్పుకోదగ్గ బంగారమే లేదు. నమూనాల్లో బయటి బంగారం కలిపారని తేలింది. సగం కోర్ పెట్టెల్లో ఉండి ఉంటే మొదటి ఏడాదే ఎవరో ఒకరు అడిగి చూసేవాళ్లు.

అది మోసం కథ. మోసం లేకపోయినా అంకెలు చెదురుతాయి. అమెరికాలో రోడ్ ఐలండ్ గ్రానైటునూ వర్జీనియా డయాబేసు అనే నల్లరాతినీ మెత్తగా పొడి చేసి, బాగా కలిపి, జీ-1, డబ్ల్యూ-1 అని పేర్లు పెట్టి పేరున్న ల్యాబ్‌లకు పంచారు. అందరికీ అదే పొడి. 1951లో ఫలితాలు అచ్చయ్యేసరికి పెద్ద పెద్ద విశ్లేషకులే ఉలిక్కిపడ్డారు. సిలికా లాంటి మామూలు పదార్థంలో కూడా ఒకరి అంకె ఒకరికి కలవలేదు. ఆ సిగ్గులోంచే ఇవాళ మేము వాడే ప్రామాణిక నమూనాలు పుట్టుకొచ్చాయి. తెలియని రాయితో పాటు అంకె తెలిసిన రాయిని కూడా మిషన్‌లో పెట్టి, అది సరిగ్గా వస్తేనే రెండోదాన్ని నమ్మాలి. మీ టేబుల్ మీదికొచ్చే రిపోర్టులో ప్రామాణిక నమూనాకు ఎంత వచ్చిందో రాసి ఉందా? నేను చూసిన చాలా రిపోర్టుల్లో ఆ గడే లేదు.

తీరం ఇసుక విషయంలో ఇది ఇంకా ముదిరింది. భీమిలి నుంచి కళింగపట్నం, భావనపాడు వైపు దాకా మన ఇసుకలో ఇల్మనైట్, గార్నెట్, సిల్లిమనైట్, జిర్కాన్, రుటైల్, కొద్దిగా మోనజైట్ ఉన్నాయి. మామూలు ఇసుక కంటే బరువైనవి కాబట్టి వీటిని భార ఖనిజాలంటారు. తూర్పు కనుమల ఖోండలైట్, చార్నోకైట్ కొండలు కరిగి, నాగావళీ వంశధారా మోసుకొచ్చి, అలలు జల్లించి పెట్టిన సరుకు ఇది. తుపాను వెళ్లిన మర్నాడు చూడండి. తేలిక ఇసుక కొట్టుకుపోయి ఒడ్డంతా నల్లటి చారలు కట్టి ఉంటుంది. ఆ చారలోంచి దోసెడు తీసి ల్యాబ్‌కిస్తే కుబేరుడి లెక్కలొస్తాయి. ఆగర్ అనే, నేలలోకి దించే మరతో మీటరుకొక నమూనా చొప్పున లోతుకు దిగితే వేరే లెక్క వస్తుంది. రెండూ నిజమే. రిపోర్టులో ‘భార ఖనిజాలు ఇంత శాతం’ అని మాత్రమే ఉంటుంది, ఎంత లోతు నుంచి తీశారో ఉండదు.

కరిగించే పద్ధతిలోనూ తిరకాసుంది. జిర్కాన్ మామూలు ఆమ్లాలకు లొంగదు. లిథియం బోరేటుతో కలిపి క్రూసిబుల్ అనే ప్లాటినం గిన్నెలో వెయ్యి డిగ్రీల దగ్గర కరిగిస్తేనే దారికొస్తుంది. (ఆ క్రూసిబుళ్లను పొద్దున తూకం వేసి ఇచ్చి, సాయంత్రం తూకం వేసి బీరువాలో పెట్టి తాళం వేసేవాళ్లు. పెళ్లినగలకు కూడా అంత కాపలా చూడలేదు.) ఒక ల్యాబ్ ఆమ్లంతో సరిపెట్టి, ఇంకోటి బోరేటుతో కరిగించిందనుకోండి, ఒకే ఇసుకలో జిర్కోనియం రెండు రకాలుగా వస్తుంది. ఇద్దరూ నిజాయితీపరులే. పైగా రసాయనం మూలకాన్ని చెప్తుందే తప్ప ఖనిజాన్ని చెప్పదు. టైటానియం డయాక్సైడు ఇల్మనైట్‌లోనూ ఉంటుంది, రుటైల్‌లోనూ ఉంటుంది. స్వచ్ఛమైన ఇల్మనైట్‌లో 53 శాతానికి కాస్త తక్కువ, రుటైల్‌లో దాదాపు అంతా అదే. ధరలు మాత్రం ఎక్కడా పొంతన లేవు.

ఇవన్నీ లోపలివాళ్ల గొడవలనుకోకండి. మోనజైట్‌లో థోరియం ఉంటుంది. అందుకని మొత్తం భార ఖనిజాల్లో మోనజైట్ 0.75 శాతానికి మించితే ఆ నిక్షేపానికి అణుఖనిజాల కట్టుదిట్టాలు వర్తిస్తాయని కేంద్రం మొదట గీత గీసింది. 2019 ఫిబ్రవరిలో ఆ గీతను సున్నాకు దించింది. అంటే కొన్నేళ్లపాటు ఒక తీరప్రాంతం ఎవరి చేతికి వెళ్లాలన్నది ల్యాబ్‌లో తేలే ఒక దశాంశం మీద ఆధారపడింది. ఆ దశాంశాలు వచ్చిన ఇసుకలో ఎంత ఇంకా ఎక్కడైనా సీలుతో ఉందో కనుక్కునే అధికారం మీకుంది. నాకు లేదు.

నేను పనిచేసిన చోట్లలో ఒకచోట, పేరు ఇక్కడ అనవసరం, సున్నాలు వేయించే హడావుడిలో అరల్లోని పాత పొడి ప్యాకెట్లన్నీ వెనక గోతిలో పోయించి మట్టి కప్పించారు. ‘రిపోర్టులు ఉన్నాయి కదా, ఈ బూడిదెందుకు’ అన్నారు. ఆ ప్యాకెట్లను పరీక్షించిన రోజుల్లో మాంగనీసు, ఇనుము, సిలికా, భాస్వరం మాత్రమే చూసేవాళ్లు. 2023లో కేంద్రం 30 కీలక ఖనిజాల జాబితా ప్రకటించింది. అందులో అరుదైన మృత్తికలు (రేర్ ఎర్త్స్), టైటానియం, జిర్కోనియం, హాఫ్నియం, గ్రాఫైట్, వెనేడియం ఉన్నాయి. మాకు శని అనుకున్న భాస్వరం కూడా ఉంది! ఆ గోతిలో పోసిన పొడిలో వీటిలో ఏవి ఎంతున్నాయో ఇవాళ ఒక్క పూటలో తెలిసేది. ఇప్పుడు తెలుసుకోవాలంటే నీళ్లు నిండిన పాత గుంతల్లోకి దిగి, మళ్లీ తవ్వి, మళ్లీ మోసి, మళ్లీ దంచాలి. కొన్ని గనులు మూతబడి తుప్పలు కూడా మొలిచాయి, అక్కడికి దారే లేదు.

ఇక ఉద్దానం. ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం అదే.

కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీలు చెడిపోతున్న మాట మీకు నేను చెప్పక్కర్లేదు. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. నీటిలో సిలికా అన్నారు, సీసం, కాడ్మియం అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో చెమటోడ్చి నీళ్లు తాగకపోవడమన్నారు, నొప్పుల మాత్రలన్నారు, వంశపారంపర్యమన్నారు. వైద్యం గురించి మాట్లాడే అర్హత నాకు లేదు. వంశధార నీళ్లు పైపుల్లో ఊళ్లకు చేర్చే పథకం పెట్టారు, పలాసలో పరిశోధన కేంద్రంతో కూడిన ఆస్పత్రి 2023 డిసెంబరులో తెరిచారు, మంచిదే. నేను మాట్లాడేది ఇన్నేళ్లుగా ఆ ఊళ్ల నుంచి బయటికి పోయిన నీటి సీసాల గురించి.

ఆ సీసాల్లో కొన్నిటిని తీయడం నా కళ్లతో చూశాను. ఒక బృందం గాజు సీసాలు తెచ్చింది. సిలికా కోసం నీళ్లు గాజులో పట్టకూడదు, గాజే సిలికా కాబట్టి. ప్లాస్టిక్ సీసాలో పట్టాలి. ఇంకో ఊళ్లో చేతిపంపు కొట్టి మొదటి ధారే పట్టేశారు. రాత్రంతా పైపులో నిలిచిన నీరు పైపు సంగతి చెప్తుంది గానీ భూమి సంగతి చెప్పదు. అన్నిటికంటే పెద్దది ఆమ్లం దగ్గర జరిగింది. బోరు నుంచి వచ్చేటప్పుడు నీళ్లు తేటగానే ఉంటాయి. అందులో కరిగిన ఇనుముంటే, గాలి తగిలిన కాసేపటికి సీసా అడుగున తుప్పురంగు మడ్డి చేరుతుంది. ఆ ఇనుప మడ్డి ఊరికే దిగదు, ఆర్సెనిక్, సీసం లాంటివాటిని తనకు అంటించుకుని దిగుతుంది. ల్యాబ్‌లో పైన తేరిన నీటిని తీసి పరీక్షిస్తే అవి ఉన్నా తక్కువగా కనిపిస్తాయి, ఒక్కోసారి అసలు కనిపించవు. అందుకే బోరు దగ్గరే సన్నపు ఫిల్టరులో వడకట్టి, వెంటనే శుద్ధమైన నైట్రిక్ ఆమ్లం చుక్కలు వేసి పీహెచ్ రెండుకు దించాలి. అదే బోరు దగ్గర ఆమ్లం లేని సీసా ఇంకొకటి వేరే పట్టాలి, క్లోరైడు, నైట్రేటు, ఫ్లోరైడు చూడటానికి. పీహెచ్, ఉష్ణోగ్రత, బైకార్బొనేటు అక్కడికక్కడే కొలిచి పుస్తకంలో ఎక్కించాలి. నేను చూసినచోట ఆమ్లం సీసా జీపులోనే ఉండిపోయింది. సాయంత్రం లాడ్జిలో కలిపారు. రిపోర్టులో ఆ సంగతి ఎక్కడా లేదు.

ఇక రిపోర్టుల సంగతి. ‘సీసం: లేదు’ అని రాస్తారు. తాగునీటిలో సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాము దాటకూడదని భారత ప్రమాణం, కాడ్మియం 0.003. వాడిన పరికరం 0.05 కంటే తక్కువ సీసాన్ని పసిగట్టలేనిదైతే, ‘లేదు’ అన్న మాటకు అర్థమేమిటి? ప్రమాణానికి నాలుగింతలున్నా ఆ పరికరం ‘లేదు’ అనే అంటుంది. ఏ మోతాదు దాకా చూడగలిగారో ఆ గడి పక్కన రాయకపోతే ఆ రిపోర్టు భరోసా కాదు. భయమూ కాదు. ఉత్త కాగితం. సిలికా విషయం మరీ విచిత్రం. తాగునీటి ప్రమాణంలో సిలికాకు హద్దే పెట్టలేదు, కాబట్టి రోజువారీ పరీక్షల్లో ఎవరూ కొలవరు, కాబట్టి ఉద్దానంలో అందరూ మాట్లాడుకునే పదార్థానికి ఏళ్ల వరస అంకెలు దొరకవు.

ఒక చిట్కా చెప్తాను, మీ ఆఫీసులో ఎవరైనా కాలిక్యులేటరుతో చేయొచ్చు. నీటిలో ధనావేశం ఉన్నవి (కాల్షియం, మెగ్నీషియం, సోడియం, పొటాషియం), ఋణావేశం ఉన్నవి (బైకార్బొనేటు, క్లోరైడు, సల్ఫేటు, నైట్రేటు) తుల్యాంకాల్లోకి, అంటే బరువు లెక్కను ఆవేశం లెక్కలోకి, మార్చి కూడితే రెండు మొత్తాలూ దాదాపు సమానం కావాలి. అయిదు శాతం దాకా తేడా వస్తే ఫర్వాలేదు. పది, పదిహేను దాటిందంటే ఏదో ఒక అంకె తప్పు, లేదా ఏదో ఒకటి కొలవడం మానేశారు. నా దగ్గరికొచ్చిన కొన్ని నీటి రిపోర్టులకు ఈ లెక్క కట్టాను. కొన్నిట్లో తేడా పాతిక దాటింది. సంతకాలు మాత్రం నాలుగేసి ఉన్నాయి.

‘వివరాలన్నీ బయటపెడితే జనం భయపడతారండీ’ అని ఒక అధికారి నాతో అన్నారు. ఆయన మంచివారే, జనం మీద ప్రేమతోనే అన్నారు. కానీ ఉద్దానంలో భయం కొత్తగా పుట్టాలా? కూలి డబ్బుల్లోంచి క్యాను నీళ్లు కొంటున్న ఇంటిని అడగండి. నేను వెళ్లిన ఒక ఊళ్లో బోరు దగ్గర ఒకావిడ, ‘ఇప్పటికి ఎంతమంది పట్టుకెల్లారు బాబూ ఈ నీలు, ఒక్కలూ ఏటొచ్చిందో సెప్పనేదు’ అంది. ఆవిడ బోరు నీళ్ల రిపోర్టు ఆవిడకు అందాలి. అర్థం కాకపోతే చెప్పేవాళ్లు ఉండాలి. అంతకంటే పెద్ద సూత్రమేదీ నా దగ్గర లేదు.

ఏం చెయ్యాలో చెప్తాను. ఎచ్చెర్లలోని అంబేద్కర్ విశ్వవిద్యాలయంలోనో, విజయనగరం జేఎన్‌టీయూలోనో తేమ లేని గది ఒకటి అడగండి. ఇనుప అరలు, మూత బిగుసుకునే ప్లాస్టిక్ డబ్బాలు, చెరగని సిరాతో లేబుళ్లు, ఒక రిజిస్టరు, ఒక కంప్యూటరు చాలు. నూరు గ్రాముల రాతిపొడి డబ్బా అరచేతిలో ఇముడుతుంది, పొడిగా ఉంచితే ముప్ఫై నలభై ఏళ్లయినా చెక్కుచెదరదు. గనుల శాఖ, భూగర్భజల శాఖ, గ్రామీణ నీటి సరఫరా విభాగం, రోడ్ల కోసం కొండలు పరీక్షించే ఇంజినీర్లు, ఎవరు రాయి, ఇసుక, మట్టి నమూనా తీసినా ఒక వాటా అక్కడికి రావాలని ఒక సర్క్యులర్ ఇవ్వండి. తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలు, లోతు, తేదీ, తీసినవారి పేరు రిజిస్టరులో ఉండాలి. ఎవరైనా అర్జీ పెట్టుకుంటే అయిదు గ్రాములు తూచి ఇవ్వాలి, వాళ్ల ఫలితం కూడా అదే రిజిస్టరులో ఎక్కాలి. డబ్బుకు జిల్లా ఖనిజ నిధి ఉంది. తాగునీరు, ఆరోగ్యం, పర్యావరణం ఆ నిధి ఖర్చులో ముందు వరసలో ఉన్న పద్దులే. ప్రహరీగోడలకూ సిమెంటు రోడ్లకూ పోయేదాంట్లో ఒక చిన్న తునక ఇది.

దీనికి ఆదర్శం ఎక్కడో వెతకనక్కర్లేదు. జియలాజికల్ సర్వే దేశమంతటా వాగుల మట్టిని రెండు కిలోమీటర్ల గడికొకటి చొప్పున తీసి, అరవైకి పైగా మూలకాలు కొలిచి, భూకోశ్ పోర్టల్‌లో పెడుతోంది. మన ప్రాంతపు టోపోషీట్లు (సర్వే పటాలు) తెరిచి చూసుకోవచ్చు. మన జిల్లా ఆఫీసుల్లో ఎంతమంది తెరిచారో నాకు అనుమానమే.

ఉద్దానం నీళ్లకు మాత్రం ఈ గది సరిపోదు. ఆమ్లం వేసిన నీరు లోహాల కోసమైతే ఆరు నెలలు ఆగుతుంది, మిగతావాటికి అంతకాలం ఆగదు, కొన్నిటికైతే రోజులు కూడా ఆగదు. కాబట్టి అక్కడ చెయ్యాల్సింది వేరు. మండలానికి కొన్ని బోర్లు ఎంచి, ఏటా అవే బోర్లు, వానలకు ముందొకసారి, వానలు తగ్గాక ఒకసారి, ఒకే పద్ధతిలో తీయించండి. ప్రతి విడతలోనూ కొన్ని సీసాల్లో ఉత్త శుద్ధజలం పోసి, కొన్నిట్లో అంకె తెలిసిన నీరు పోసి, ల్యాబ్‌కు చెప్పకుండా మిగతావాటితో కలిపి పంపండి. శుద్ధజలంలో సీసం ఉందని రాసిన ల్యాబ్‌ను మార్చండి. పైపు నీళ్లు వచ్చిన ఊళ్లలో పాత బోర్ల పరీక్ష మానెయ్యకండి. జనం ఏళ్ల తరబడి తాగింది ఆ నీళ్లే, రేపు డాక్టర్లు అడిగేదీ వాటి గురించే.

ఈ పనికి జియాలజీ, కెమిస్ట్రీ చదివే పిల్లలను పెట్టుకోండి. వాళ్లకు ఫీల్డు భత్యం ఇస్తే చాలు, వాళ్ల ప్రాజెక్టులూ అవుతాయి. బోరు దగ్గర ఎలా పట్టాలో, రేకు మీద ఎలా పాళ్లు చెయ్యాలో, రిజిస్టరు ఎలా రాయాలో నేర్పడానికి నేనొస్తాను. నాలాంటి రిటైరైనవాళ్లు వాల్తేరు, విజయనగరం, శ్రీకాకుళంలలో ఇంకా ఉన్నారు. బస్సు ఛార్జీ కూడా అడగం. నా దగ్గర పాత ఫీల్డు పుస్తకాలున్నాయి. మూతబడ్డ గనుల్లో కొన్నిటి దారులు, ఏ మట్టం నుంచి ఏ నమూనా తీశామో వాటిలో ఉంది. గది సిద్ధమైతే అవి కూడా ఇచ్చేస్తాను.

నైరుతి మన తీరానికి జూన్‌లో వస్తుంది. సీసాలు, ఫిల్టర్లు, ఆమ్లం మే రెండో వారానికి చేతికొస్తే ఉద్దానంలో వానకు ముందు విడత ఈ ఏడే దక్కుతుంది. టెండరు పేరుతో ఆలస్యమైతే ఇంకో ఏడాది ఆగాలి. కాబట్టి దయచేసి ముందు ఆ ఫైలు కదిలించండి, డబ్బాల గది సంగతి తర్వాత చూసుకుందాం.

ఇట్లు,
ఒక రిటైర్డ్ జియోకెమిస్టు,
చీపురుపల్లి, విజయనగరం జిల్లా